ఎదిగే పిల్లల మనసు, చుట్టూ ఉన్న వీధి: కర్నూలు తల్లిదండ్రులకు ఒక మార్గదర్శి

కర్నూలులో అద్దె ఇల్లు వెతికేటప్పుడు అందరమూ దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతాం. కొళాయి నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి, బోరు ఉందా, కాలేజీ బస్సు సందు మొదట్లో ఆగుతుందా, మిద్దె మీద బట్టలు ఆరేసుకోవడానికి యజమాని ఒప్పుకుంటారా అని అడుగుతాం. పద్నాలుగేళ్ల అమ్మాయో పదహారేళ్ల అబ్బాయో ఉన్న ఇంటివారు కూడా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు ఈ బిడ్డ ఎక్కడ ఉంటుంది, ఎవరితో మాట్లాడుతుంది, ట్యూషన్ నుంచి ఏ దారిన తిరిగి వస్తుంది అని మాత్రం అడగరు. ఆరు నెలల తరువాత ఆ బిడ్డ ముభావంగా మారితే కారణాన్ని ఫోనులోనో, మార్కుల్లోనో, స్నేహాల్లోనో వెతుకుతారు. ఆ మూడూ కారణాలు కావచ్చు. అయితే గుమ్మం దాటాక పిల్లలు రోజూ తిరిగే ఆ రెండు మూడు వందల గజాల మేర కూడా వాటితో పాటు లెక్కలోకి రావలసినదేననీ, పెద్దలు కలిసికట్టుగా పూనుకుంటే కొంతైనా మార్చగలిగినది అదేననీ నా అభిప్రాయం. ఆ మేరను ఎలా పరిశీలించాలో, అందులో ఏది మార్చుకోవచ్చో, మారనిదానితో ఎలా సర్దుకోవాలో, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలున్న ఇళ్లవారి కోసం ఇక్కడ వివరిస్తాను.

ఇల్లు మారితే సరిపోతుందా

"ఈ ఏరియా మంచిది కాదు, మారిపోదాం" అన్నది మనకు మొదట తోచే మాట. ఈ మాటను అమెరికాలో నిజంగానే పరీక్షించి చూశారు. 1994 నుంచి 1998 వరకు బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల నిరుపేద వాడల్లో ఉంటున్న సుమారు 4,600 కుటుంబాలను చేర్చుకొని, లాటరీ తీసి, కొందరికి పేదరికం తక్కువగా ఉన్న ప్రాంతాల్లో అద్దెకు ఉండేందుకు సాయం అందించారు. కొన్నేళ్ల తరువాత గమనిస్తే, ఆ అవకాశం పొందిన కుటుంబాల్లోని ఆడపిల్లల్లో కుంగుబాటు, మానసిక వేదన తగ్గాయి. మగపిల్లల్లో ఆ మేలు కనిపించలేదు. పైగా కొన్ని విషయాల్లో, పాతచోటనే ఉండిపోయినవారికంటే వీరి పరిస్థితి దిగజారింది. దీనికి పరిశోధకులు చెప్పిన కారణాలలో రెండు మనకు పనికివస్తాయి. ఆడపిల్లలకు రోజువారీ వేధింపుల భయం తొలగిపోయింది. మగపిల్లలకు మాత్రం తమను ఎరిగిన పెద్దలూ, తాము కూర్చునే చోటూ పోయి, కొత్త వీధిలో అందరూ అనుమానంగా చూసే పరాయివారిగా మిగిలారు.

మన ఊరిలోనూ దీనికి పోలిక ఉంది. పాతబస్తీలోని ఇరుకు సందు నుంచి ఊరి చివర కొత్తగా వేసిన వెంచర్‌లోని ఇంటికి మారిన కుటుంబానికి గాలీ వెలుతురూ దొరుకుతాయి, ఇంటి ముందు బండి నిలుపుకోవడానికి చోటూ దొరుకుతుంది. అక్కడ పదిహేనేళ్ల పిల్లవాడికి దొరకనిది మాట్లాడే మనిషి. సగం ప్లాట్లు ఖాళీగా ఉంటాయి, చీకటిపడితే కుక్కల గుంపులు తిరుగుతాయి, అంగడికి వెళ్లాలన్నా నాన్న బండి తీయాలి. తల్లిదండ్రుల దృష్టిలో అది మెట్టు ఎక్కడమే కావచ్చు, పిల్లవాడికి మాత్రం అది ఊరు వదిలి పోవడమే.

మారకూడదని నేను చెప్పడం లేదు. మారినా మారకపోయినా, ఆ వీధి పిల్లల కళ్లకు ఎలా కనిపిస్తుందో ముందు తెలుసుకోవాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల పిల్లల్లో దాదాపు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఆ లెక్క పల్లెల్లో 6.9 శాతం, మహానగరాల్లో 13.5 శాతం. ఈ తేడా అంతా ఇళ్ల కూర్పు వల్లా వీధుల వల్లా వచ్చిందని ఎవరూ అనలేరు. చుట్టుపక్కల పరిస్థితిని పట్టించుకోకుండా పిల్లలను మాత్రమే పరీక్షిస్తే సగం సంగతి చూడనట్టేనని అనవచ్చు.

నడిచి చూడడం, పటం గీయించడం

మొదటి పని పిల్లలతో కలిసి వీధిలో నడవడం. ఆదివారం ఉదయం నడవవద్దు. ఆ పూట ఏ వీధి అయినా ముచ్చటగానే కనిపిస్తుంది. పిల్లలు నిజంగా తిరిగే వేళల్లో, అంటే బడికి బయలుదేరే సమయంలో ఒకసారి, ట్యూషన్ ముగిసి ఇంటికి వచ్చే రాత్రి ఏడున్నర ఎనిమిది గంటల మధ్య ఇంకొకసారి నడవాలి. బండి మీద వెళ్తే ఏమీ తెలియదు. దారి పిల్లలే చూపాలి, మీరు ఒక అడుగు వెనక ఉండాలి. వారు ఎక్కడ వేగం పెంచారో, ఎక్కడ రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లారో, ఎక్కడ తల దించుకున్నారో, ఎవరిని చూసి నవ్వారో గమనించండి. దారిలో మీరు ఏ వ్యాఖ్యా చేయకూడదు. "ఇక్కడ భయపడడానికి ఏముంది, మా కాలంలో అయితే" అని మొదలుపెట్టారా, ఆ నడక అక్కడితో ముగిసినట్టే. కాళ్లు నడుస్తాయి కానీ పిల్లలు ఇక ఏమీ చెప్పరు.

ఇంటికి వచ్చాక ఒక తెల్లకాగితం ఇచ్చి ఆ మేరకు పటం గీయమనండి. కొలతలు అక్కరలేదు. తాము ఇష్టంగా ఆగే చోటు, తప్పించుకొని పోయే చోటు, ఏదైనా జరిగితే పరుగెత్తి వెళ్లగల ఇల్లో అంగడో, పెద్దవాళ్లు తమను పేరు పెట్టి పిలిచే చోటు, ఈ నాలుగింటికీ నాలుగు గుర్తులు పెట్టమంటే చాలు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే వేరువేరుగా గీయించాలి. ఒకరిది చూసి ఒకరు గీస్తే ప్రయోజనం ఉండదు.

నేను ఉపాధ్యాయుడిగా పనిచేసిన రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లలచేత ఇలాంటి పటాలు కొన్నేళ్లు గీయించాను. సాంఘికశాస్త్రం పాఠంలో భాగంగా మొదలైన ఆ పని తరువాత నాకే పాఠమయింది. ఒక అమ్మాయి పటంలో బడి నుంచి ఇంటికి దారి అనవసరంగా మూడు మలుపులు తిరిగింది. ఆమె రోజూ పావుగంట ఆలస్యంగా వస్తుందని ఇంట్లో తిట్లు తినేదట. మూలమీద టీ బంకు ముందు వేసిన బల్లను తప్పించుకోవడానికే ఆ మూడు మలుపులని పటం చూసేదాకా ఎవరికీ తెలియదు. ఇంకొక అబ్బాయి కాగితం మీద ఇల్లు, బడి, ట్యూషన్ మూడు పెట్టెలుగా గీసి, వాటి మధ్య రెండు గీతలు కలిపి ఇచ్చాడు. మిగిలిన కాగితమంతా ఖాళీ. అల్లరి లేదు, ఫిర్యాదు లేదు, మార్కులకు కొదవ లేదు. అందరూ మెచ్చుకునే పిల్లవాడు. నన్ను ఎక్కువగా కలవరపెట్టిన పటం అదే. మూడోవాడు చదువులో వెనకబడినవాడు, ఇంట్లో పరిస్థితులూ బాగుండేవి కావు. అయితే వాడి పటంలో సైకిల్ షాపు దగ్గర పెద్ద నక్షత్రం ఉండేది. అక్కడి యజమాని వాడిచేత పంక్చర్లు వేయించి, టీ ఇప్పించి, రాత్రి కాకముందే ఇంటికి పొమ్మని తరిమేవాడు. నాలుగు గుర్తుల్లో ఈ చివరి రకం, అంటే పెద్దవాళ్లు పేరు పెట్టి పిలిచే చోట్లు, ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. ఒక్కటి కూడా లేకపోతే, వీధిలో దీపాలున్నా సీసీ కెమెరాలున్నా పిల్లలకు అది ఒంటరి వీధే.

అన్నాచెల్లెళ్ల పటాలను పక్కపక్కన పెట్టి చూడడం కూడా అవసరం. పన్నెండు పదమూడేళ్లు వచ్చేసరికి అన్న తిరిగే మేర ఏటేటా పెరుగుతుంది, చెల్లెలిది ఏటేటా కుంచించుకుపోతుంది. నిన్నటిదాకా గేరిలో తొక్కుడుబిళ్ల ఆడిన అమ్మాయి పెద్దమనిషి అయిన మరునాటి నుంచి గుమ్మానికే పరిమితమైతే, ఆమె పోగొట్టుకున్నది ఆట ఒక్కటే కాదు, ఆటలో ఏర్పడిన స్నేహాలు కూడా. జాగ్రత్త పేరుతో ఆమె దారులన్నీ మూసివేయడం కంటే, ఆమె సురక్షితంగా వెళ్లగల రెండు చోట్లను గుర్తించి వాటిని తెరిచి ఉంచడం మేలు. మేనత్త ఇల్లో, కుట్టుపని నేర్పే అక్క ఇల్లో, గ్రంథాలయమో ఏదైనా కావచ్చు.

చూసే కళ్లు, కాచే కళ్లు

షికాగో నగరంలో 1995లో 343 వాడల్లో 8,782 మందిని అడిగి చేసిన ఒక ప్రసిద్ధ అధ్యయనం 1997లో వెలువడింది. బడి ఎగ్గొట్టి పిల్లలు వీధి మూలన నిలబడితే మీ ఇరుగుపొరుగు ఏమైనా చేస్తారా, ఇక్కడివారిని నమ్మవచ్చా అని అందులో అడిగారు. ఇరుగుపొరుగు మధ్య నమ్మకం, అవసరమైతే కలగజేసుకుంటామన్న భరోసా ఎక్కువగా ఉన్న వాడల్లో, పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, హింస తక్కువగా ఉందని తేలింది. హింస తగ్గిన చోట పిల్లల మనసుకు ఊరట ఎలా కలుగుతుందో వివరించనక్కరలేదు. ఎప్పుడు ఏమవుతుందోనన్న హెచ్చరికలోనే శరీరం రోజంతా ఉంటే, దాని ప్రభావం నిద్ర మీద, ఏకాగ్రత మీద, కోపం మీద పడుతుంది.

ఇది చదివి "మా వీధిలో అందరికీ అందరూ తెలుసు, కాబట్టి మాకు చింత లేదు" అని అనుకోకండి. మన వీధుల్లో చూసే కళ్లకు కొదవ లేదు. కాచే కళ్లే తక్కువ. మిద్దె మీద ఫోను మాట్లాడుతున్న అమ్మాయిని చూసి సాయంత్రానికల్లా వాళ్లమ్మ చెవిన వేసేవారు, పదో తరగతి ఫలితాలు వచ్చిన గంటలో "ఎన్నొచ్చాయి" అని గుమ్మంలోకి వచ్చేవారు, "ఎవరి పిల్లోడివిరా నువ్వు, ఇక్కడేం పని" అని గదమాయించేవారు, అందరూ తాము వీధి బాగు కోరేవారమనే అనుకుంటారు. పిల్లల వైపు నుంచి చూస్తే ఇది నిఘా. నిఘా ఉన్నచోట పిల్లలు తప్పు చేయడం మానరు, చెప్పడం మానేస్తారు.

కాబట్టి చేయవలసినది ఇది. మీ వీధిలో ముగ్గురు పెద్దలను ఎంచుకోండి: ఒకరు అంగడి నడిపేవారు, ఒకరు పగలంతా ఇంట్లో ఉండే పెద్దావిడ, ఒకరు పాతికేళ్ల లోపు అక్కో అన్నో అయితే బాగుంటుంది. వారితో మీరే వెళ్లి మాట్లాడండి. "మా వాడు మీకు కనిపిస్తే పేరుతో పలకరించండి, ఏదైనా ఇబ్బందిలో ఉన్నట్టు అనిపిస్తే ముందు వాడినే అడగండి, ప్రమాదమని తోస్తే నాకు చెప్పండి, మిగతావి నాకు చెప్పనక్కరలేదు" అని స్పష్టంగా అనండి. ఈ చివరి మాట చాలా ముఖ్యం. పెద్దలు మోసుకువచ్చే ప్రతి చిన్న వార్తకూ మీరు ఇంట్లో విచారణ జరిపితే ఆ ముగ్గురూ వేగులుగా మారిపోతారు. మీరు కూడా ఇంకొకరి బిడ్డకు అలాంటి మనిషిగా ఉండడానికి ఒప్పుకోవాలి. మార్కుల ప్రస్తావన లేకుండా ఒక పిల్లవాడితో రెండు నిమిషాలు మాట్లాడడం ఎంత కష్టమో ప్రయత్నిస్తేనే తెలుస్తుంది.

పిల్లలకు వీధిలో ఒక పని, ఒక పాత్ర ఉండడం కూడా దీనికి సంబంధించినదే. మన ప్రాంతంలో వినాయకచవితి మండపం, పీర్ల పండుగ ఇప్పటికీ ఆ అవకాశం ఇస్తున్నాయి. పీర్ల చావిడి దగ్గర మతంతో పని లేకుండా పిల్లలంతా గుండం చుట్టూ చేరడం చూసినవారికి ఇది కొత్త కాదు. మండపం చందా లెక్క రాసే బాధ్యత పదిహేనేళ్లవాడికి ఇచ్చి చూడండి. అయితే అదే మండపం రాత్రి తాగుడుకు అడ్డాగా మారుతుంటే, పెద్దలు మొదటి రోజే వంతులు వేసుకొని అక్కడ కూర్చోవాలి. పిల్లలను రావద్దని చెప్పి పెద్దలు తప్పుకోవడం పరిష్కారం కాదు.

ఒక మాట ఇబ్బందికరమైనదే అయినా చెప్పక తప్పదు. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి "ఆ వీధిలోకి పోవద్దు", "వాళ్లింట్లో నీళ్లు తాగొద్దు" అని ఇంట్లో చెప్పే మాటలను పిల్లలు రెండు వైపులా మోస్తారు. ఆ మాట తమ ఇంటి గురించి అన్నదని తెలిసిన పిల్లలకు అది రోజూ తగిలే దెబ్బ. ఏ పటంలోనూ వారు దానికి గుర్తు పెట్టరు, అడిగినా చెప్పరు. మీ ఇంటి నుంచి ఆ మాట బయటికి పోకుండా చూసుకోవడం వరకు మీ చేతిలోనే ఉంది.

నిద్రను పాడుచేసేవి: వేడి, చప్పుడు, వెలుతురు

13–18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రావైద్య నిపుణులు చెబుతారు. ఈ వయసులో శరీరంలోని గడియారం సహజంగానే కొంత వెనక్కి జరుగుతుంది. నిద్ర ఆలస్యంగా పడుతుంది, ఉదయం త్వరగా మెలకువ రాదు. దానికి ఉదయం ఆరింటి ట్యూషన్ తోడైతే మిగిలేది ఆరు గంటల నిద్ర. నిద్ర చాలని పిల్లల్లో చిరాకు, దిగులు పెరగడం మనం చూస్తూనే ఉంటాం; దాన్ని పొగరు అంటాం.

ఇందులో ఇంటి పరిసరాల వాటా తక్కువేమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మన ఊరిలో, పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాటేదాకా గదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది. పాత మట్టిమిద్దెల్లో ఈ బాధ తక్కువ. వేసవి మొదలయ్యే ముందే మిద్దెపైన చిక్కగా సున్నం కొట్టిస్తే ఎండ చాలావరకు తిరిగిపోయి స్లాబు తక్కువగా కాగుతుంది. ఖర్చు కూడా కూలరుతో పోలిస్తే స్వల్పం. చదువుకునే పిల్లల పక్క పై అంతస్తులో ఉంటే వేసవి రెండు నెలలు కింది గదికి మార్చండి. కుటుంబమంతా మిద్దె మీద పడుకునే పాత అలవాటు దోమతెరతో ఇప్పటికీ పనికివస్తుంది, పైగా దీపం ఆర్పిన తరువాత పిల్లలు పగలు చెప్పని సంగతులు అక్కడ చెబుతారు.

చప్పుడు విషయంలో చట్టం మీ పక్షాన ఉంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా మైకులు వాడకూడదు. పండుగలకు ఏడాదిలో గరిష్ఠంగా 15 రోజులు మాత్రమే అర్ధరాత్రి వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. పెళ్లి డీజేను ఆపించడానికి 112కు ఫోను చేయడం కంటే, సాయంత్రమే పెళ్లివారింటికి వెళ్లి "మా పాపకు రేపు పరీక్ష ఉంది, పదింటికి ఆపించండన్నా" అని అడగడం ఎక్కువసార్లు పనిచేస్తుందని నా అనుభవం. ఫోను రెండో మెట్టు.

నీడ, మైదానం

డెన్మార్క్‌లో తొమ్మిది లక్షలకు పైగా మందిపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్నతనంలో చుట్టూ పచ్చదనం అతి తక్కువగా ఉన్నవారికి తరువాతి కాలంలో మానసిక వ్యాధులు వచ్చే అవకాశం, అతి ఎక్కువ పచ్చదనంలో పెరిగినవారికంటే 55 శాతం వరకు ఎక్కువగా కనిపించింది. డెన్మార్క్ చలిదేశం, మనది ఎండల సీమ. లెక్క యథాతథంగా మనకు వర్తించదు. మనకు పచ్చదనమంటే పార్కులో గడ్డి కాదు, సాయంత్రం నాలుగింటికి బయట నిలబడగలిగేంత నీడ. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన ఎ, బి, సి క్యాంపుల్లో పాత చెట్ల కింద నడిచి, అదే రోజు కొత్త కాలనీల్లో నడిచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. మీ వీధిలో వేప, కానుగ వంటి ఎండకు తట్టుకునే మొక్కలు నాటించండి, ఒక్కొక్క మొక్కకు ఒక పిల్లవాడి పేరు పెట్టి నీళ్ల బాధ్యత అప్పగించండి. అయితే వాటి నీడ ఈ పిల్లలకు అందేసరికి వారు కాలేజీ దాటిపోతారు. అందుకని ఇప్పటికే ఉన్న నీడను వాడుకునే దారి చూడాలి.

ఆ దారి చాలాచోట్ల ప్రభుత్వ బడి ప్రహరీ లోపల ఉంటుంది. చెట్లు, మైదానం, కొళాయి అన్నీ ఉన్నా సాయంత్రం గేటుకు తాళం పడుతుంది. ఐదు నుంచి ఏడు వరకు మైదానం తెరిచి ఉంచమని ప్రధానోపాధ్యాయుడినీ పాఠశాల యాజమాన్య కమిటీనీ అడగండి. వస్తువులు పోతాయని, గోడలు పాడవుతాయని వారు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. వంతులవారీగా ఇద్దరు తల్లిదండ్రులు అక్కడ ఉంటామని, తాళంచెవి బాధ్యత ఫలానావారిదని రాతపూర్వకంగా ఇస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. వారంలో రెండు రోజులు ఆడపిల్లలకు ప్రత్యేకంగా కేటాయించాలి. లేకపోతే క్రికెట్ ఆడే అబ్బాయిలు నేలంతా ఆక్రమిస్తారు, అమ్మాయిలు గోడ పక్కన కూర్చొని చూస్తారు. 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున గంట సేపు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ గంటను ట్యూషన్ ఫీజు కట్టినంత శ్రద్ధగా కాపాడాలి.

అర్జీ రాసే పద్ధతి

పటంలో తప్పించుకుపోయే చోట్లుగా గుర్తుపెట్టినవాటిలో కొన్ని అర్జీతో తీరేవే. "మా వీధిలో లైట్లు లేవు" అని రాస్తే ఎవరూ కదలరు. ఏ స్తంభం, దాని మీది సంఖ్య ఎంత, ఎన్ని రోజులుగా వెలగడం లేదు, ఆ దారిన ఎంతమంది పిల్లలు ఏ వేళలో ట్యూషన్ నుంచి వస్తారు అని రాసి, పటం నకలు జతచేసి, పది ఇళ్లవారి సంతకాలతో వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. రెండు వారాల్లో పని జరగకపోతే అదే అర్జీని రసీదుతో సహా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. పటం గీసిన పిల్లలను వెంట తీసుకెళ్లండి. తాము చెప్పిన మాటకు ఒక దీపం వెలిగిందని చూసిన పిల్లలకు కలిగే ధైర్యం నేను కళ్లారా చూశాను.

బడి దగ్గరి బంకుల్లో సిగరెట్లు, గుట్కా అమ్ముతుంటే 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని ప్రస్తావించండి. విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మకం, 18 ఏళ్లలోపు వారికి ఎక్కడైనా అమ్మకం నిషిద్ధం. గంజాయి విషయంలో మాత్రం మీరుగా వెళ్లి ఎవరినీ నిలదీయవద్దు. మాదకద్రవ్యాలపై ఫిర్యాదులు తీసుకునే 1972 ఫోను నంబరుకు సమాచారం ఇవ్వండి. పిల్లల పేర్లు బయటికి రానివ్వకండి.

తుంగభద్ర, హంద్రీ ఒడ్డున పల్లపు వీధుల్లో ఉండేవారికి ఇంకొక సంగతి. 2009 అక్టోబరు వరదలో పాతబస్తీ మునిగినప్పుడు ఇప్పటి పిల్లల్లో చాలామంది పుట్టనే లేదు. అయినా పెద్ద వాన పడిన ప్రతిసారి ఇంట్లో ఆ కథ నడుస్తుంది, భయం పిల్లలకు సంక్రమిస్తుంది. కథతో పాటు ఉపాయం కూడా చెప్పండి: నీళ్లు వస్తే ఏ మిద్దె ఎక్కాలి, సర్టిఫికెట్ల సంచి ఎక్కడ ఉంది, ముసలివారిని ఎవరు పట్టుకోవాలి. పని తెలిసినవారికి భయం అదుపులో ఉంటుంది.

చోటు మారక తప్పనప్పుడు

కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు పల్లెల నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, పోయే కుటుంబాల్లో పిల్లలు ఏటా కొన్ని నెలలు ఊరునూ స్నేహితులనూ బడినీ ఒకేసారి వదులుతారు. వీలైతే వారిని సీజనల్ హాస్టల్‌లోనో బంధువుల ఇంటనో ఉంచి వెళ్లడం మంచిది. అలా ఉంచినప్పుడు, వారానికి ఒక నిర్ణీత రోజు నిర్ణీత వేళకు ఫోను చేస్తామని మాట ఇచ్చి, కూలి పనిలో ఎంత అలసిపోయినా ఆ మాట తప్పకుండా ఉండాలి.

ఇంటర్‌కు రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించేటప్పుడు ఫలితాల ఫ్లెక్సీ చూసి రావడం కాదు, ఆ హాస్టలే రెండేళ్లు మీ బిడ్డకు వీధి అని గుర్తుంచుకొని చూడండి. ఆకాశం కనిపించే చోటు ఉందా, రోజుకు ఎంతసేపు బయటికి వదులుతారు, పడుకునే గదిలో ఎంతమంది, ఇంటికి ఫోను ఎన్ని రోజులకొకసారి అని అడగండి. 100 లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కౌన్సెలర్ ఎవరో చూపించమనండి. సొంత ఇంటికి మారేవారు విద్యాసంవత్సరం మధ్యలో కాకుండా వేసవిలో మారండి. మొదటి మూడు నెలలు వారానికి ఒకసారైనా పాత వీధికి పిల్లలను పోనివ్వండి.

వీధితో తీరని బాధ

పైన చెప్పినవన్నీ చేసినా బిడ్డ తేరుకోకపోవచ్చు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోవడం, ఇష్టమైన ఆటపాటలను కూడా మానేయడం, నిద్ర, ఆకలి బాగా తగ్గడమో పెరగడమో, ఊరకే ఏడవడం, తనను తాను గాయపరచుకోవడం, బతకడం దండగ అన్నట్టు మాట్లాడడం, వీటిలో ఏది కనిపించినా దిష్టి తీయించి ఆగిపోకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, చాలామందికి చెప్పుకొనే అవకాశం దొరికినట్టవుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. సేద్యం చేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలను ఆ రోజే ఇంటి నుంచి తీసివేసి, తాళం వేసి, తాళంచెవి పెద్దల దగ్గర ఉంచుకోవాలి.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో అందుతుంది. పిల్లలే స్వయంగా ఫోను చేయవచ్చు. వేధింపులు, హింస ఉంటే 1098కి చెప్పాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు పిల్లలు ఒప్పుకుంటే వారు గీసిన పటాన్ని కూడా తీసుకెళ్లండి. పది ప్రశ్నలు వేసి రాబట్టవలసిన సంగతి వైద్యుడికి అందులోనే కనిపించవచ్చు.

పటం వెనక తేదీ వేసి దాచండి. మూడు నెలల తరువాత పాతది చూపించకుండా కొత్తది గీయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి, పేరు పెట్టి పిలిచే చోట్ల లెక్క పెరిగిందో లేదో పిల్లలతో కలిసి చూడండి.